డెక్కన్ 360 సరుకు విమానాలు: హబ్ సరైన చోటే పెట్టారు, విమానమే పెద్దదైపోయింది

ఎప్పుడో మూతపడ్డ సర్వీసు మీద ఇప్పుడు సమీక్ష ఎందుకని అడగొచ్చు. రాత్రికి రాత్రి సరుకు చేరవేసే పని ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ కూలుతుందో మన దేశంలో ఇంత స్పష్టంగా చూపించిన ఉదాహరణ ఇంకోటి లేదు. ఎక్స్‌ప్రెస్ సరుకు పంపే మందుల కంపెనీలు, విడిభాగాల వ్యాపారులు, కొరియర్ ఏజెన్సీలవాళ్లు ఈ సంస్థ లెక్కలు ఒకసారి చూసుకుంటే, తమకు రేటు చెప్పే ఏ కంపెనీతోనైనా ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు సంగతులు. ఎయిర్ డెక్కన్ పెట్టి, దాన్ని కింగ్‌ఫిషర్‌కి అప్పగించిన కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్ ఆ తర్వాత మొదలుపెట్టిన కంపెనీ ఇది. పూర్తి పేరు డెక్కన్ కార్గో అండ్ ఎక్స్‌ప్రెస్ లాజిస్టిక్స్. ఆఫీసు బెంగళూరులో, హబ్ (అన్ని ఊళ్ల సరుకూ చేరి విమానాలు మారే చోటు) నాగపూర్‌లో. పెద్ద నగరాల మధ్య ఎయిర్‌బస్ ఏ310-300 ఫ్రైటర్లు (సరుకు మాత్రమే మోసే విమానాలు) మూడు, చిన్న రూట్లకు రెక్కల పంకాలతో ఎగిరే చిన్న ఏటీఆర్ ఫ్రైటర్లు, నేల మీద లారీలు, వ్యాన్లు. 2009లో ఎగరడం మొదలైంది. 2010లో రిలయన్స్ ఇండస్ట్రీస్ వాటా తీసుకుంది. 2011లో విమానాలు ఆగిపోయాయి. రెండేళ్లు కూడా నిండలేదు.

డెక్కన్ అనే పేరు దగ్గర హైదరాబాద్‌వాళ్లు తరచూ తడబడతారు కాబట్టి ఒక మాట. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో హైదరాబాద్‌లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ వేరు. అది 1953లో జాతీయకరణతో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డెక్కన్ క్రానికల్ గ్రూపు హైదరాబాద్ నుంచి నడపాలనుకున్న ఫ్లయింగ్టన్ ఫ్రైటర్స్ ఇంకోటి. ఏ330-200 ఫ్రైటర్ని ఎయిర్‌బస్ మార్కెట్లోకి తెచ్చినప్పుడు మొదటి కొనుగోలుదారుల్లో దాని పేరుంది. కానీ ఒక్క విమానమూ చేతికి రాలేదు. ఆ మోడల్లో మొదటిది 2010లో అబుదాబి విమాన సంస్థ ఎతిహాద్‌కి వెళ్లింది. వీటికీ డెక్కన్ 360కీ పేరులో తప్ప చుట్టరికం లేదు.

ఇక పనితీరు. హబ్ పద్ధతి చెప్పడానికి తేలిక, నడపడానికే కష్టం. సాయంత్రం ఆరేడు గంటలకల్లా ఊళ్లో పికప్ పూర్తి కావాలి. ఎనిమిది, తొమ్మిది మధ్య ఎయిర్‌పోర్టులో తూకం, ఎక్స్‌రే, పాలెట్ల (సరుకు పేర్చే పలకల) మీద పేర్చి వల బిగించడం. పది దాటాక అన్ని మూలల నుంచీ విమానాలు బయల్దేరి అర్ధరాత్రి ప్రాంతంలో హబ్‌లో దిగాలి. అక్కడ గంటన్నర, రెండు గంటల్లో పాలెట్లు విప్పి, ఊరివారీగా సార్టింగ్ చేసి, మళ్లీ కట్టి ఎక్కించాలి. మూడు, నాలుగు గంటలకు తిరిగి ఎగిరితే తెల్లారేసరికి గమ్యం. పది, పన్నెండు లోపు డెలివరీ. ఈ గొలుసులో ఒక్క విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా దిగినా మిగతావన్నీ దానికోసం ఆగాలి, లేదా ఆ ఊరి సరుకు వదిలేసి పోవాలి. ఆగితే అన్ని ఊళ్ల డెలివరీ జారుతుంది, వదిలేస్తే ఒక ఊరి కస్టమర్లు పోతారు. నడిపేవాళ్లు ప్రతి రాత్రీ తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే.

నాగపూర్ ఎంపికకు నిండుగా మార్కులు వేయాలి. అది కొత్త ఆలోచనా కాదు, గాలిలో మేడా కాదు. 1949లో తపాలా శాఖ రాత్రి ఎయిర్‌మెయిల్ మొదలుపెట్టినప్పుడు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి విమానాలు వచ్చి అర్ధరాత్రి నాగపూర్‌లోనే కలుసుకునేవి. ఉత్తరాల సంచులు మార్చుకుని తెల్లారేలోగా వెనక్కి వెళ్లేవి. అరవై ఏళ్ల తర్వాత అదే బొమ్మని పెద్ద విమానాలతో మళ్లీ గీశారు. దేశం నడిబొడ్డున ఉండటంతో ఢిల్లీ, చెన్నై, బెంగళూరు, కోల్‌కతా అన్నీ 850 నుంచి 1000 కిలోమీటర్ల దూరంలో, ముంబై 700 లోపు పడతాయి. అంటే అన్ని విమానాలూ ఇంచుమించు ఒకే సమయానికి బయల్దేరి ఒకే సమయానికి చేరగలవు. హబ్‌కి కావాల్సిన మొదటి లక్షణం అది. ముంబై, ఢిల్లీల్లో రాత్రిపూట కూడా పార్కింగుకీ, దిగడానికీ పోటీ ఉంటుంది. నాగపూర్‌లో ఆ రద్దీ లేదు.

కానీ ఏ హబ్బూ అన్ని ఊళ్లకీ సమానంగా ఉపయోగపడదు. హైదరాబాద్ వైపు నుంచి చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. శంషాబాద్ నుంచి నాగపూర్‌కి ఆకాశమార్గం సుమారు 430 కిలోమీటర్లు. అక్కణ్ణుంచి ఢిల్లీ 850. మొత్తం 1280 పైచిలుకు. నేరుగా వెళ్లినా 1260 దాకా ఉంటుంది. చుట్టు దాదాపు లేనట్టే. రోడ్డు మీద పదిహేను వందల కిలోమీటర్లు దాటుతుంది. లారీకి రెండు రోజులు తక్కువ పట్టదు. కాబట్టి హైదరాబాద్ - ఢిల్లీ సరుకుకి ఈ సర్వీసు అచ్చంగా సరిపోయింది. కోల్‌కతాకి రెండు వందల కిలోమీటర్ల చుట్టు పడుతుంది. అదీ ఫరవాలేదు.

బెంగళూరు సంగతి అలా కాదు. నేరుగా 455 కిలోమీటర్లు ఉన్నది నాగపూర్ మీదుగా 1320 అవుతుంది. మూడింతలకి దగ్గర. చెన్నైకి 510 కాస్తా 1340. రోడ్డు చూస్తే బెంగళూరు 570, చెన్నై 630 కిలోమీటర్లు. రాత్రి తొమ్మిదికి హైదరాబాద్‌లో లోడు వేసుకున్న లారీ మర్నాడు ఉదయానికో, మధ్యాహ్నానికో అక్కడుంటుంది. విమానంలో పోయిన సరుకూ అప్పుడే డెలివరీ అవుతుంది. దక్షిణాది నుంచి దక్షిణాదికి నడిచే సరుకు విషయంలో ఈ నెట్‌వర్క్ లారీ ముందు తేలిపోయింది. లారీ చేయగలిగిన పనికి లారీనే వాడటమే తెలివి. ఏ ఎక్స్‌ప్రెస్ సంస్థ అయినా 600 కిలోమీటర్ల లోపు రూటుకి విమానం రేటు చెబితే, ఆ సరుకు నిజంగా విమానం ఎక్కుతుందా, లారీలో పోతుందా అని అడిగి తీరాలి.

ఇప్పుడు అసలు లోపం. ఏ310 మంచి విమానం, అందులో సందేహం లేదు. 1983 నుంచి 1998 దాకా తయారైంది. ఎయిరిండియా 1986 నుంచి నడిపింది కాబట్టి మన పైలట్లకీ ఇంజనీర్లకీ కొత్తది కాదు. ప్రయాణికుల విమానాన్ని ఫ్రైటరుగా మార్చడమంటే ముందు భాగంలో ఎడమవైపు దాదాపు మూడున్నర మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉండే సరుకు తలుపు కోసి పెట్టడం, నేలని బలపరచడం, పాలెట్లు జారడానికి రోలర్లు, బిగించడానికి లాకులు, పైలట్ల వెనక సరుకు దూసుకురాకుండా బలమైన అడ్డుగోడ. పై డెక్కులో 16 పాలెట్ల దాకా పడతాయి. కింద బొడ్డులో కంటైనర్లు వేరే. మొత్తం 35 టన్నుల పైనే మోస్తుంది. ఆ బరువుతో ఐదు వేల కిలోమీటర్లు ఆగకుండా వెళ్లగలదు. దుబాయ్, హాంకాంగ్‌ల దాకా పోయే సత్తా ఉన్న బండి అది.

దాన్ని గంటా గంటన్నర రూట్ల మీద పెట్టారు. ఇందులో నష్టం ఎలా పుడుతుందో గుండ్రటి అంకెలతో వేసి చూద్దాం. ఇది కంపెనీ ఖాతా కాదు, ఎవరైనా కాగితం మీద వేసుకోగల లెక్క. ఏ310 గంటకు ఐదు టన్నుల దరిదాపుల్లో ఇంధనం తాగుతుంది. ఢిల్లీ - నాగపూర్ ఒక వైపు ఎనిమిది టన్నులు, రానూపోనూ 16 టన్నులు అనుకుందాం. లీటరు 0.8 కిలో చొప్పున 20 వేల లీటర్లు. లీటరు 40 రూపాయలైతే 8 లక్షలు, 55 అయితే 11 లక్షలు. విమానం రెండు వైపులా 35 టన్నులు నింపుకుంటే కిలోకి ఇంధనం ఖర్చు 11 నుంచి 16 రూపాయలు. రెండు వైపులా 12 టన్నులే దొరికితే అదే ఖర్చు 33 నుంచి 46 రూపాయలకు ఎగబాకుతుంది. సరుకు తగ్గినంత మాత్రాన ఇంధనం అదే పాళ్లలో తగ్గదు, ఖాళీ విమానం బరువే ఎక్కువ కదా. పైగా ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే కిలో రెండు విమానాలు ఎక్కుతుంది. ఢిల్లీ - నాగపూర్ ఒకటి, నాగపూర్ - చెన్నై ఇంకోటి. అంటే ఆ అంకెని రెట్టింపు చేయాలి. విమానం అద్దె, ల్యాండింగ్ చార్జీ, గ్రౌండ్ హ్యాండ్లింగ్, పైలట్ల జీతాలు, పికప్, డెలివరీ ఇంకా ఇందులో కలపనే లేదు.

మనం వేసుకున్న 40, 55 ఊరికే పెట్టిన అంకెలు కావు. 2009 చివర్లో బ్యారెల్ ముడిచమురు 75, 80 డాలర్ల మధ్య ఉండేది. 2011 మొదట్లో వంద దాటింది. జెట్ విమానాల ఇంధనం మీద రాష్ట్రాల అమ్మకపు పన్ను చాలాచోట్ల నూటికి పాతిక దాటి ఉండేది. పన్ను ధర మీద శాతం లెక్కన పడుతుంది కాబట్టి చమురు పెరిగితే పన్నూ పెరుగుతుంది. రేటు మాత్రం కస్టమరు ఏడాదికోసారి ఒప్పందంలో ఖాయం చేసుకుంటాడు. ఇంధనం సర్‌చార్జి అడిగితే పక్కవాడి దగ్గరికి పోతాడు.

ఆ పక్కవాడు ఎవరంటే, ప్రయాణికుల విమానం. అప్పట్లో ఇండిగో, జెట్ ఎయిర్‌వేస్, ఎయిరిండియాలు రోజూ పదులకొద్దీ ట్రిప్పులు తిప్పుతున్న రూట్లే ఇవన్నీ. వాటి బొడ్డులో ఖాళీగా పోయే జాగా ఎంతకి అమ్మినా లాభమే, ఎందుకంటే విమానం ఖర్చు టికెట్లు కొన్నవాళ్లే భరించేశారు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఎప్పుడైనా ఎక్కించొచ్చు. ఫ్రైటర్‌కి దాని మీద ఉన్న మేలు మూడే: తలుపు పెద్దది కాబట్టి పెద్ద పెట్టెలు పడతాయి, బ్యాగేజీ ఎక్కువై సరుకుని ఆఫ్‌లోడ్ చేసే బెడద లేదు, అర్ధరాత్రి బయల్దేరుతుంది కాబట్టి ఫ్యాక్టరీ సాయంత్రం దాకా పని చేసుకోవచ్చు. ఈ మూడింటికీ అదనంగా డబ్బిచ్చే సరుకు ప్రతి రాత్రీ ప్రతి మూల నుంచీ ముప్పై టన్నులు రావాలి. అంత సరుకు అప్పటికి మన రాత్రుల్లో లేదు. ఉన్నదాంట్లో పెద్ద వంతు 1996 నుంచి సొంత విమానాలు నడుపుతున్న బ్లూ డార్ట్ చేతిలో ఉంది. వాళ్లు కొరియర్ వ్యాపారం పెంచుకుంటూ, ఆ సరుకుకి తగ్గట్టు బోయింగ్ 737లతో మొదలెట్టి ఆపైన అంతకంటే పెద్ద 757లకి వెళ్లారు. ముందు మూట, తర్వాత బండి. డెక్కన్ 360లో బండి ముందొచ్చింది.

ఇలాంటి హబ్‌కి పెద్దన్న లాంటి ఫెడెక్స్ అమెరికాలోని మెంఫిస్‌లో 1973 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు నడిపినవి 14 ఫాల్కన్ 20 జెట్లు. మొదటి రాత్రి 25 నగరాలకు 186 ప్యాకెట్లు. అప్పటి అమెరికా నియమాల ప్రకారం ఫెడెక్స్‌కున్న తరగతి లైసెన్సుతో 7500 పౌండ్లు, అంటే మూడున్నర టన్నుల లోపు మోసే విమానాలే నడపాలి. ఆ నియమం కట్టేసినట్టు కనిపించినా కాపాడింది కూడా. 1977లో సరుకు విమానాల మీద ఆంక్షలు ఎత్తేశాకే 727లు కొన్నారు. అప్పటికి నింపడానికి సరుకు చేతిలో ఉంది.

మన దగ్గర ఆ పాత్ర ఏటీఆర్‌లది. ఏటీఆర్ 72 ఫ్రైటర్ ఎనిమిది టన్నులు మోస్తుంది, ఏటీఆర్ 42 ఐదున్నర దాకా. ఏటీఆర్ 72 గంటకు ముప్పావు టన్ను లోపే ఇంధనం తాగుతుంది. నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి చేతులతోనే ఎక్కించి దించొచ్చు. ఏ310 పై డెక్కుకైతే తప్పనిసరిగా సరుకుని ఎత్తుకి లేపే హైలోడర్ కావాలి, ఆ యంత్రం మొరాయిస్తే విమానం దిగినా సరుకు దిగదు. గంటకు ఐదు వందల కిలోమీటర్ల లోపే పోతుంది కాబట్టి వెయ్యి కిలోమీటర్ల కోల్‌కతా రూటుకి ఏటీఆర్ చాలదు, ఆ ఒక్క ఇబ్బంది నిజమే. కానీ హైదరాబాద్, ముంబై, అహ్మదాబాద్ లాంటి దగ్గరి మూలలన్నీ ఏటీఆర్‌లతో మొదలుపెట్టి, ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా లాంటి దూరపు వాటికి 737 తరహా జెట్టు పెట్టుంటే కథ ఇంకా కొన్నేళ్లు సాగి ఉండేదని మా అంచనా.

మూడు పెద్ద విమానాలతో రాత్రి నెట్‌వర్క్ నడపడంలో ఇంకో చిక్కుంది. ఒకటి మరమ్మతుకి ఆగితే మూడో వంతు సామర్థ్యం ఒక్కసారిగా పోతుంది. నెట్‌వర్క్ మాట నిలబడాలంటే ఒక విమానం ఊరికే సిద్ధంగా ఉండాలి. మూడింట్లో ఒకటి పక్కన పెట్టుకోగల స్తోమత ఎవరికుంటుంది? రాత్రి ఐదారు గంటలు ఎగిరి పగలంతా నిలబడే విమానానికీ అద్దె మాత్రం ఇరవై నాలుగు గంటలకీ పడుతూనే ఉంటుంది.

నేల మీది సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే గాలిలో సంపాదించిన గంటలు పోయేది అక్కడే. అవి జీఎస్టీ లేని రోజులు. ఒక్కో రాష్ట్రానికీ ఒక్కో ఫారం. ఉత్తరప్రదేశ్‌కి సరుకు పోవాలంటే కొనేవాడు ఫారం 38 ముందుగా పంపాలి. ముంబైలోకి వెళ్లాలంటే నగరంలోకి వచ్చే సరుకు మీద పడే ఆక్ట్రాయ్ పన్ను కట్టాలి. తెల్లవారుజామున విమానం దిగినా కాగితం లేకపోతే పెట్టె మధ్యాహ్నం దాకా గోడౌన్లోనే. ఆ జాప్యం విమానానిది కాదు, కానీ కస్టమరు తిట్టేది సర్వీసునే. 2017లో జీఎస్టీ వచ్చి ఆక్ట్రాయ్ పోయింది, 2018లో దేశమంతటికీ ఒకే ఈ-వే బిల్లు వచ్చింది. డెక్కన్ 360 ఏడెనిమిదేళ్లు ముందుగా పుట్టిందని కొందరనేది ఇందుకే. అందులో కొంత నిజం ఉంది. కానీ అదే జీఎస్టీ లారీని కూడా చెక్‌పోస్టుల దగ్గర ఆగకుండా చేసింది. లాభం ఇద్దరికీ వచ్చింది.

పంపేవాళ్లు ఎక్కువగా నష్టపోయేది తూకం దగ్గర. ఎక్స్‌ప్రెస్‌లో అసలు బరువు, ఘనపరిమాణం బరువు రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, విమాన సరుకులో మామూలుగా 6000తో, ఎక్స్‌ప్రెస్‌లో తరచుగా 5000తో భాగిస్తారు. 60, 50, 40 సెంటీమీటర్ల పెట్టెకి మొదటి పద్ధతిలో 20 కిలోలు, రెండో పద్ధతిలో 24 కిలోలు. లోపల 11 కిలోల మాత్రల స్ట్రిప్పులే ఉన్నా బిల్లు ఇరవైకో, ఇరవై నాలుక్కో వస్తుంది. కిలో రేటు రెండు రూపాయలు తగ్గించమని బేరమాడేవాళ్లు ఈ భాజకం ఎంతని అడగరు. అడగాల్సింది అదే. పెట్టె ఎత్తు 40 నుంచి 30కి తగ్గించగలిగితే 24 కిలోలు 18 అవుతాయి. ఏ బేరంలోనూ అంత రాదు. అటు విమానానికీ ఇదే తలనొప్పి. దూది, ప్లాస్టిక్, రెడీమేడ్ బట్టల్లాంటివి ఎక్కువైతే 35 టన్నుల విమానం 20 టన్నులకే నిండిపోతుంది. బరువు మిగిలి ఉన్నా జాగా ఉండదు.

సర్వీసుగా మార్కులు వేయమంటే హైదరాబాద్ - ఢిల్లీ, చెన్నై - ఢిల్లీ, బెంగళూరు - కోల్‌కతా లాంటి పొడుగు రూట్లకి పదికి ఎనిమిది. ముంబై వైపు ఐదు. దక్షిణాది ఊళ్ల మధ్య రెండు, అదీ అత్యవసరమైన చిన్న పెట్టెలకే. హబ్ ఎంపికకు పదికి తొమ్మిది. విమానం ఎంపికకు మూడు. ఎయిర్ డెక్కన్‌తో మామూలు మనిషిని విమానం ఎక్కించిన చేతులే ఈ పనీ తలపెట్టాయన్న గౌరవంతోనే ఈ మూడు వేస్తున్నాం. సీటు చవగ్గా ఇస్తే కొత్త ప్రయాణికుడు పుట్టుకొస్తాడు. సరుకు అలా పుట్టదు. రేటు తగ్గిందని ఫ్యాక్టరీ ఒక పెట్టె ఎక్కువ తయారుచేయదు, ఉన్న పెట్టెనే లారీ నుంచి విమానానికి మారుస్తుంది. మళ్లీ లారీ చవకైతే వెనక్కి పోతుంది.

విమానాలు ఆగాక బాకీలు రావలసినవాళ్లు కర్ణాటక హైకోర్టుకెక్కారు. కంపెనీని మూసివేయమని కోర్టు ఆదేశించింది.

2023 జనవరిలో హైదరాబాద్ నుంచి అమెజాన్ ఎయిర్ మొదలైంది. అప్పుడు దానికోసం విమానాలు నడిపింది బెంగళూరుకి చెందిన క్విక్‌జెట్. 737-800 ఫ్రైటర్లు, ఒక్కోటీ ఇరవై టన్నుల పైచిలుకు మోసేవి. ఢిల్లీ, ముంబై, బెంగళూరు, హైదరాబాద్‌ల మధ్య నడపాలని పెట్టుకున్నారు. నింపాల్సిన సరుకు సొంత గోడౌన్లలో ఉంది కాబట్టి రేపు రాత్రి ఎన్ని పెట్టెలు ఎక్కుతాయో వాళ్లకి ఇవాళే తెలుసు.